పెట్టె కొలత

మూసాపేట,
18-1-74

ప్రియమైన తమ్ముడు యజ్ఞానికి,

అక్కయ్య దీవెనలు. నీ కవరు మొన్ననే అందింది. వెంటనే జవాబు రాయనిది తీరిక లేక కాదు, కోపం చల్లారాక రాద్దామని. అది చల్లారేలా లేదు గనక ఇక రాసేస్తున్నాను.

నాన్న పెట్టిన ప్రెస్సు అమ్మేసి ఆ డబ్బంతా బుల్లిబాబు కంపెనీ షేర్లలో పెడతానంటావు. ఎందుకో మూడు పేజీలు రాశావు. రెండుసార్లు చదివాను. కంపెనీ పేరు తేజోట్రానిక్స్ అని తెలిసింది. అది ఎలక్ట్రానిక్సట, సాలిడ్ స్టేటట, విదేశీ కొలాబరేషనట, రాబోయేది కంప్యూటర్ యుగమట. ఇంతకీ వాళ్ళు ఏం తయారుచేస్తారో, దాన్ని ఎవరు కొంటారో మాత్రం ఆ మూడు పేజీల్లో ఎక్కడా లేదు. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చి, ఇల్లు బాగుంది, ఉప్మా బాగుంది అని చెప్పి పిల్ల సంగతి మరిచిపోయినవాడిలా రాశావు.

బళ్ళో లెక్కలు చెప్పి చెప్పి నాకు ఒక జబ్బు పట్టుకుంది. జవాబు ముందు రాసేసి, లెక్క తరవాత చేసే పిల్లల్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. నీ ఉత్తరం అలాంటి పిల్లల కాగితంలాగే ఉంది.

బుల్లిబాబు మనకు తెలియనివాడేమీ కాదు. వెంకటరామయ్య మాస్టారి అబ్బాయి. నీ పక్క బెంచీలో కూర్చున్నవాడు. వ్యాసరచనలో ఎప్పుడూ వాడికే బహుమతి. ఇంగ్లండు వెళ్ళి చదువుకుని తిరిగి వచ్చాడు, పెద్దా చిన్నా తెలిసినవాడు, కాదనను. అయితే మంచివాడు కావడం వేరు, యంత్రం చేసి అమ్మడం వేరు.

మీ బావగారిని కూడా అడిగాను. ఎంతైనా బాలానగర్ ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే మనిషి గదా, రెండు ముక్కలు చెబుతారేమోనని. పేపరు దించకుండానే, "యజ్ఞానికి తెలియదటే" అన్నారు. ఈ ఇంట్లో నాకు సాయం అంతే.

ఆ యంత్రం ఏమిటో, ఎవరు కొన్నారో, కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చారో లేదో కనుక్కుని రాయి. అప్పటిదాకా ఎవరి దగ్గరా అడ్వాన్సు పుచ్చుకోకు. మరదలు కనకలక్ష్మిని అడిగానని చెప్పు.

కోపంగా, అంతే ప్రేమగా,
అక్కయ్య రత్నమాల

*

తెనాలి,
25-1-74

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి కనకలక్ష్మి నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ యంత్రం బల్లమీద పెట్టుకునే లెక్కల యంత్రం. మీటలు నొక్కితే కూడికలు, హెచ్చవేతలు అన్నీ చేసి దీపాల్లో అంకె చూపిస్తుంది. బ్యాంకులకు, ఆఫీసులకు కావాలి. తరవాత పెద్ద కంప్యూటర్లు కూడా చేస్తారట. మీ ఊళ్ళోనే, నాంపల్లి నుమాయిష్‌లో స్టాలు పెట్టారు. వెళ్ళి కళ్ళారా చూసి అప్పుడు తిట్టు.

నీకు తెలియని సంగతి ఒకటుంది. ఏడాదిగా వాళ్ళ పుస్తకాలు, కరపత్రాలు, ఆహ్వానాలు అన్నీ మన ప్రెస్సులోనే పడుతున్నాయి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసింది నేనే. సాలిడ్ స్టేట్‌కి ఏ మాట పెట్టాలో తోచక రెండు రోజులు తిండి సహించలేదు. చివరికి "ఘనస్థితి" అని పెట్టాను. బుల్లిబాబు ప్రెస్సులో అందరిముందూ నన్ను కౌగిలించుకున్నాడు. మన కంపోజిటర్ సీతారామయ్య గారికి చూపు ఆనకపోవడంతో ఆ టైపంతా నేనే పేర్చాను. ఒక్కొక్క అక్షరం నా వేళ్ళమీదుగా వెళ్ళింది అక్కయ్యా. అందులో అబద్ధముంటే నాకు తెలియకుండా పోతుందా?

షేర్లు ఉగాది వెళ్ళాక అమ్మకానికి వస్తాయి. నన్ను అక్కడ పబ్లిసిటీ ఆఫీసరుగా వేసుకుంటానని బుల్లిబాబు అన్నాడు. ప్రెస్సు కొనడానికి బాపట్ల నుంచి ఒక ఆసామి వచ్చి చూసి వెళ్ళాడు. ఇక నీ భయం సంగతి. కంపెనీ ఉన్నది మీ వైపే. ఏదైనా తేడా ఉంటే బావగారికి ఈపాటికి తెలిసి ఉండేది, ఆయన నాకు చెప్పకుండా ఉండరు. ఆయన ఊరుకున్నారంటేనే నాకు ధైర్యం.

నీ తమ్ముడు,
యజ్ఞనారాయణ

*

మూసాపేట,
9-2-74

ప్రియమైన యజ్ఞానికి,

దీవెనలు. వెళ్ళమన్నావు గదా, వెళ్ళాను. రెండు చోట్లకూ వెళ్ళాను. కాళ్ళు వాచిపోయాయి.

నుమాయిష్‌లో మీ స్టాలు దగ్గర జనం బాగానే ఉన్నారు. అద్దాల పెట్టెలో యంత్రం పెట్టారు. దీపాలు వెలుగుతున్నాయి. పట్టుచీర కట్టుకున్న అమ్మాయి ఒకతె "కంప్యూటర్ యుగానికి స్వాగతం" అంటోంది. ఏడెనిమిదులు ఎంతో నొక్కి చూపించమ్మా అన్నాను. ముట్టుకోకూడదండీ, చూడడానికి మాత్రమే పెట్టారు అంది. పోనీ ఇది ఎవరైనా కొన్నారా అంటే, పుస్తకంలో అన్నీ ఉన్నాయండీ అని నీ పుస్తకం చేతిలో పెట్టింది. ఏడెనిమిదులు అందులోనూ లేదు. యాభైఆరు అని నేనే చెప్పి వచ్చేశాను.

తరవాత ఫ్యాక్టరీ. మేం అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు భాగ్యమ్మ తల్లిగారిల్లు ఆ పక్కనే, రాయదుర్గం. ఆమె ఊరికి వెళుతుంటే నేనూ బయలుదేరాను. కూకటపల్లి దాటాక బస్సు దిగి, వాళ్ళ తమ్ముడి ఎడ్లబండిమీద ఆ బండరాళ్ళ మధ్య నడుం విరిగేలా ప్రయాణం. సీతాఫలం పొదలు, మేకలు తప్ప మరేమీ లేని చోట తెల్లగా సున్నం వేసిన పెద్ద షెడ్డు, ముందు షామియానా. దాన్ని చూసి భాగ్యమ్మ, "గాడ ఎప్పుడు జూసినా షామియానానే ఉంటది బిడ్డా. పెండ్లిండ్ల జాగ గావచ్చని నేననుకుంటున్న" అంది. ఫ్యాక్టరీ అని చెబితే ముక్కున వేలేసుకుంది.

బుల్లిబాబు నిజంగానే మర్యాద చేశాడు. అక్కయ్యగారూ అంటూ ఎదురొచ్చి రోజ్‌మిల్క్ ఇప్పించాడు. లోపల వరసగా కొత్త బల్లలు, ట్యూబులైట్లు. ఒక్క బల్లమీదా ఒక తీగముక్క లేదు. డ్రాయింగులు గీసే మీ బావగారు ఫ్యాక్టరీనుంచి వస్తేనే చొక్కా ఉతకడానికి నాకు అరసబ్బు పడుతుంది. అక్కడి మనుషుల చొక్కాలు ఇస్త్రీ నలగకుండా ఉన్నాయి. పని ఎప్పుడు మొదలవుతుంది నాయనా అంటే, టెక్నాలజీ అంటే ముందు వాతావరణం అక్కయ్యగారూ అన్నాడు. ఎవరు కొంటున్నారంటే, దేశమంతా మార్కెటే అన్నాడు. అరగంట మాట్లాడాడు. ఇంటికొచ్చి మీ బావగారికి చెబుదామని కూర్చుంటే వాడి మాటల్లో చెప్పడానికి ఒక్క సంగతీ దొరకలేదు.

వాడు మోసగాడని నేను అనడంలేదు యజ్ఞం. మోసగాడైతే నాకు ఇంత బెంగ ఉండేది కాదు. ఆ మాటలు చెబుతుంటే వాడి కళ్ళు మెరుస్తున్నాయి. వాడు వాటిని నమ్ముతున్నాడు. నీ ఉత్తరాల్లో కూడా ఆ మెరుపే కనబడుతోంది. అందుకే భయంగా ఉంది.

ఇంత చెప్పినా మీ బావగారు వేరుసెనగకాయలు వలుచుకుంటూ, "కొత్తగా పెట్టినప్పుడు అలాగే ఉంటుంది" అన్నారు. నాకు ఎవరితో పోట్లాడాలో తెలియడంలేదు.

ప్రెస్సు అమ్మకు.

నీ అక్కయ్య,
రత్నమాల

*

తెనాలి,
20-2-74

అక్కయ్యకు,

నమస్కారాలు. కార్డుమీద క్లుప్తంగా రాస్తున్నాను. బాపట్ల ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. ఉగాది వెళ్ళాక మిషను అప్పగించాలి.

నువ్వు కొత్తదేది చూసినా మొహం చిట్లిస్తావు. నాన్న రేడియో కొన్నప్పుడూ ఇలాగే అన్నావు. ట్రెడిల్ మిషను తొక్కుతూ నేను ముసలివాణ్ణయిపోవాలని నీ కోరిక కాబోలు.

యజ్ఞనారాయణ

*

మూసాపేట,
5-3-74

ప్రియమైన తమ్ముడు యజ్ఞానికి,

ప్రియమైన అని రాసి చాలాసేపు ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. అయినా కొట్టెయ్యలేదు. కార్డుమీద రాశావు గనక పోస్టుమాన్ దగ్గరనుంచి భాగ్యమ్మ కొడుకు దాకా నా మొహం చిట్లింపు సంగతి అందరికీ తెలిసింది. సంతోషం.

రేడియో కొన్నప్పుడు మొహం చిట్లించిన మాట నిజమే. తీసుకొచ్చి మీట తిప్పగానే అది మాట్లాడింది. మరి నేను మళ్ళీ ఏమైనా అన్నానా? ఎలక్ట్రానిక్స్ మీద నాకు పగేమీ లేదు. సనత్‌నగర్‌లో మా బడి వెనక రేకుల షెడ్డులో ఒకాయన వోల్టేజి స్టెబిలైజర్లు చేస్తాడు. ఆ షెడ్డు పేరు కూడా నాకు తెలియదు, బోర్డుమీద అక్షరాలు సగం ఊడిపోయాయి. ఫ్రిజ్ ఉన్నవాళ్ళు వచ్చి పట్టుకెళతారు, చెడిపోతే తెచ్చి తిడతారు, బాగుచేయించుకుని పోయి తరవాత చుట్టాలకు చెబుతారు. అదీ ఎలక్ట్రానిక్సే అని మీ బావగారన్నారు. నీకు షేర్లు కొనాలని అంత ఉబలాటంగా ఉంటే, తిట్టడానికి తిరిగొచ్చే గిరాకీ ఉన్న కంపెనీ ఏదైనా వెతుక్కో. బుల్లిబాబు షెడ్డుకు తిట్టడానికైనా ఇంతవరకు ఎవరూ రాలేదు.

నువ్వు కాగితం ఎలా కొంటావు? వర్తకుడు ఎంత తియ్యగా మాట్లాడాడో చూస్తావా, రీము విప్పి చించి వెలుతురులో పెట్టి చూస్తావా? నాన్న నీకు మొట్టమొదట నేర్పిన పని అదే. ఇంటింటికీ వాడుకలో ఉన్న ఆ తెలివి కంపెనీ అనేసరికి ఎక్కడికి పోయిందో చెప్పు.

ఇక్కడ ఇంకో తమాషా. మీ బావగారికి కూడా గాలి సోకినట్టుంది. నిన్న భోజనాల దగ్గర పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పాల్సిన మనిషి సాలిడ్ స్టేట్ గురించి చెప్పారు. ఇంటిస్థలం కోసం దాచిన డబ్బుకు బ్యాంకువాళ్ళు వడ్డీ ఎంత ఇస్తున్నారని అడిగారు. పెళ్ళయినప్పటినుంచి వడ్డీ మాట ఎత్తని మనిషి. అంతా నీ ఉత్తరాల మహిమ.

నువ్వు ముసలివాడివి కావాలని నాకు లేదు. నీకు అన్నం పెట్టే చోటు నీకు ఉండాలని ఉంది. సీతారామయ్య గారు ఈ వయసులో ఎవరి గుమ్మం ఎక్కుతారు? అది ఆలోచించావా? నా మాట వినవని తెలుసు. అయినా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నీ అక్కయ్య,
రత్నమాల

*

తెనాలి,
28-3-74

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. నీ మీద అలిగాను. ఆ సంగతి వదిలేయి. ఉగాదినాడు జరిగింది రాస్తున్నాను.

బుల్లిబాబు పండక్కి తెనాలి వచ్చాడు. సాయంత్రం ప్రెస్సుకొచ్చి కూర్చున్నాడు. మిషను అప్పగించడానికి ఇంకా నాలుగు రోజులుంది. చివరిసారిగా నా చేతులతో వాడికి ఏదైనా చేసి ఇవ్వాలనిపించింది. ఒరేయ్, నీ యంత్రాలు పెట్టెల్లో పెట్టి ఊళ్ళకు పంపుతావుగదా, ఆ పెట్టెలకు లేబుళ్ళు నేను ఊరికే వేసిస్తాను, రెండు రంగుల్లో, తేజోట్రానిక్స్ అని, పక్కన దీపం బొమ్మ అన్నాను. వాడు ఎంత పొంగిపోయాడో చెప్పలేను. నేను పెన్సిలూ స్కేలూ తీసుకుని కూర్చున్నాను.

"పెట్టె కొలత చెప్పరా" అన్నాను.

వాడు నా చేతిలో స్కేలు చూసి, "ఎంత ఉంటే బాగుంటుందంటావు?" అన్నాడు.

అక్కయ్యా, నేను ఎగతాళికి అడగలేదు. నీ మాటలు మనసులో పెట్టుకుని పరీక్షించడానికీ అడగలేదు. లేబులు కావాలని ఎవరొచ్చినా మొదట అడిగేది అదే గనక అడిగాను. కుంకం అమ్మే సత్తెమ్మ వస్తే కొంగులోంచి డబ్బీ తీసి బల్లమీద పెడుతుంది. అగరొత్తులవాడు, మందులషాపువాడు, ఎవరైనా సరే సరుకు చేతిలో పట్టుకుని వస్తారు. పెట్టె ఎంత ఉంటే బాగుంటుందని నన్ను అడిగినవాడు ఈ ప్రెస్సు పెట్టాక ఇంతవరకు లేడు.

పోనీ ఒక పెట్టె పంపు, నేనే కొలుచుకుంటానన్నాను. పెట్టెదాకా ఇంకా రాలేదురా, ముందు పేరు జనంలోకి వెళ్ళాలి అన్నాడు. నుమాయిష్‌లో పెట్టిందో అంటే, అది బయటనుంచి తెప్పించిందట, చూపించడానికి. చాలా మామూలుగా చెప్పాడు. దాచాలని కూడా అనుకోలేదు.

వాడు వెళ్ళాక తలుపు వేశాను. ఏడాదిపాటు వాడికి ఎన్ని వేశానో గుర్తు తెచ్చుకున్నాను. అన్నీ రండి, చూడండి, చేరండి అనేవే. ఇదిగో తీసుకెళ్ళండి అనేది ఒక్కటీ లేదు. నా వేళ్ళమీదుగా వెళ్ళిన అక్షరాలు అబద్ధం కావన్నాను గదా. అవి అబద్ధాలు కావు. వాటిలో నిజం కావడానికైనా, అబద్ధం కావడానికైనా ఏమీ లేదు.

మర్నాడే బాపట్ల వెళ్ళి అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను. ఆసామి నానా మాటలూ అన్నాడు, పడ్డాను. సీతారామయ్య గారికి చెబితే, "మరి రైసుమిల్లు వాళ్ళ పని రేపటికివ్వాలి బాబూ" అని మాత్రం అని టైపు కేసు దగ్గరకు వెళ్ళిపోయారు.

ఒక మాట చెప్పాలి. ఊళ్ళో ఆఫ్‌సెట్ మిషను వచ్చింది అక్కయ్యా. రంగురంగుల శుభలేఖలన్నీ అటే పోతున్నాయి. జనం మన ప్రెస్సుకొచ్చి, ఇంకా ఇదే తొక్కుతున్నారా అంటుంటే నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. నీకు రాయలేదు. ఆ ఘనస్థితి, ఆ యుగం, ఆ మాటలన్నీ పేరుస్తున్నంతసేపూ నేను కూడా వెనకబడిపోలేదని అనిపించేది. వాటికోసమే ప్రెస్సు అమ్ముదామనుకున్నాను. డబ్బుకోసం కాదు.

బావగారు ఇన్నాళ్ళూ కాదనలేదు గనక ధైర్యంగా ఉన్నాను. ఆయనకూ ఈ సంగతి చెప్పు.

నీ తమ్ముడు,
యజ్ఞనారాయణ

*

మూసాపేట,
3-4-74

ప్రియమైన తమ్ముడు యజ్ఞానికి,

దీవెనలు. నీ ఉత్తరం శ్రీరామనవమినాడు అందింది. పానకం కలుపుతూ ఉన్నాను. చేతులకు బెల్లం అంటి ఉంది, అలాగే విప్పి మీ బావగారికి పైకి చదివి వినిపించాను. పెట్టె కొలత దగ్గర నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. మొత్తం అయ్యాక లేచి, దేవుడి గూట్లో సీతారాముల పటం వెనకనుంచి ఒక కవరు తీసి నా ముందు పెట్టారు.

తేజోట్రానిక్స్ షేర్ల దరఖాస్తు, దానికి పిన్ను గుచ్చి మా ఇంటిస్థలం డబ్బుకు చెక్కు. అష్టమి, నవమి వెళ్ళనిచ్చి దశమినాడు ఇద్దామని దేవుడి దగ్గర పెట్టారట. రోజూ ఆ గూడు తుడిచి దీపం పెట్టేది నేను. పటం వెనక తుడవకపోవడం నా బద్ధకం, తిథి చూసుకోవడం ఆయన చాదస్తం. మా బతుకు ఈ రెండింటి మధ్య మిగిలింది.

ఎందుకు చేశారండీ అంటే ఆయన చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పుస్తకం అడుగున యజ్ఞం ప్రెస్సు పేరుంది. వాడు తెలియకుండా వేస్తాడా?" అన్నారు.

విన్నావా? ఆయన కాదనలేదని నీకు ధైర్యం. నువ్వు అచ్చు వేశావని ఆయనకు ధైర్యం. ఒకరి భుజంమీద ఒకరు చెయ్యేసుకుని ఇద్దరూ కళ్ళు మూసుకుని నడిచారు. మధ్యలో నేను ఎండలో ఎడ్లబండెక్కి రాళ్ళల్లో తిరిగాను, మూడు నెలలు గొంతు చించుకున్నాను. నాది ఒకరికీ వినబడలేదు. మీ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించాలని ఉంది.

ప్రెస్సు అమ్మలేదన్న చోటికి వచ్చేసరికి ఉత్తరం పక్కన పెట్టాను. పానకం పొంగిపోయిందని అబద్ధం చెప్పి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. పానకం పొంగదని మీ బావగారికి ఇంకా తట్టలేదు. సిగ్గుగా ఉందని ముందే రాసి ఉంటే నేను ఇన్ని ఉత్తరాలు తిడుతూ రాసేదాన్ని కాదు గదరా. అక్కయ్యకు కాక ఇంకెవరికి చెబుతావు?

ఇప్పుడు ఇంకొకటి. నిన్నటినుంచి మీ బావగారు కొత్త పాట అందుకున్నారు. ఆ చెక్కు చించేశాం గనక, ఆ డబ్బులో కొంత నీ ప్రెస్సులో పెట్టి చిన్న మిషను ఏదైనా కొనుక్కోమందామంటున్నారు. వాటా ఇస్తావేమో అడగమన్నారు. నేను ఇంకా సరేననలేదు. వేసవి సెలవులకు తెనాలి వచ్చి ప్రెస్సులో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను నా కళ్ళతో చూస్తాను. ఈలోగా కాగితంమీద నాకు జవాబు కావాలి. నాన్న పెట్టిన ప్రెస్సని రాయొద్దు, నువ్వు నా తమ్ముడివని రాయొద్దు. ఆ రెండూ నాకు తెలిసినవే. రైసుమిల్లువాళ్ళలా ఏటా తిరిగి వచ్చేవాళ్ళు ఎవరు, ఆఫ్‌సెట్‌కు పోయినవాళ్ళు ఎవరు, ఎందుకు పోయారు, ఏం చేస్తే తిరిగి వస్తారు, అది రాయి. పోయినవాళ్ళ సంగతే ముందు రాయి, సిగ్గుపడకు.

అందులో ఘనస్థితి అన్న మాట ఎక్కడైనా కనబడిందో, చదవకుండా చించేస్తాను.

నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోని,
అక్కయ్య రత్నమాల